పళ్ళెం అంచు మీద సెల్ఫీ

"పళ్ళెం అంచు మీద అరగంట ఆడేదాన్ని, బండ అంచు మీద ఒక్క నిమిషం నిలబడలేనా మాస్టారూ?" అని అడిగింది హిమజ.

అన్నపూర్ణయ్య మాస్టారు నలభై ఏళ్ళుగా కూచిపూడి నేర్పుతున్న మనిషి. నోటితో తేలిపోయే సంగతిని కూడా కాళ్ళతోనే తేల్చమనడం ఆయన అలవాటు. హిమజ ఆరో ఏట ఆయన దగ్గరికొచ్చింది. ఇప్పుడు తరంగంలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు ఆ బడిలో లేరు. నెత్తిన నీళ్ళ చెంబు, పాదాల కింద ఇత్తడి పళ్ళెం. ఎంతసేపు ఆడినా చుక్క తొణికేది కాదు. ఆ ధీమాతోనే కిందటి వారం జలపాతం పైన బండ కొసన ఒంటికాలి మీద నిలబడి సెల్ఫీ దిగింది. వచ్చే ఆదివారం ఆ జలపాతం ఉన్న కొండ ఊళ్ళోనే ప్రదర్శన. ఈసారి ఇంకా కొసకి వెళ్తానంటోంది. మీరైనా చెప్పండని వాళ్ళమ్మ ఏడుస్తూ ఆ ఫొటో మాస్టారికి పంపింది. అది చూసినప్పటినుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు. పిల్ల దక్కుతుందా అన్నదే ఆయన బెంగ.

"పళ్ళెం వెయ్యి" అన్నారాయన.

హిమజ చెంబు నెత్తిన పెట్టుకుని పళ్ళెం ఎక్కింది. మాస్టారు తాళం అందుకున్నారు. కాసేపు ఆట హాయిగా సాగింది. అప్పుడాయన లేచి, ఆమె ఫోను ఆమె చేతికే ఇచ్చి, ఆట ఆపకుండా ఒక సెల్ఫీ తియ్యమన్నారు. నవ్వు బాగా పడాలని కూడా చెప్పారు.

ఇంతేనా అనుకుని హిమజ చెయ్యి చాచింది. చెయ్యి ఎటు వెళితే చూపు అటే వెళ్ళాలని పదహారేళ్ళు చెప్పి చెప్పి అలవాటు చేసింది మాస్టారే. చూపు ఫోనులోకి వెళ్ళిపోయింది. మొహం సరిగ్గా పడలేదని గడ్డం కాస్త ఎత్తింది. చెంబు దొర్లింది. దాన్ని పట్టుకోబోయి, పళ్ళెం జారి, నేల మీద చతికిలబడింది.

నిలువునా తడిసిపోయి, "మళ్ళీ చేస్తాను మాస్టారూ" అంది రోషంగా.

మాస్టారు పక్కన కూర్చుని తన కండువాతో ఆమె తల తుడిచారు.

"చెయ్యి తల్లీ, ఎన్నిసార్లైనా చెయ్యి. మన పళ్ళెం రెండు వేళ్ళ ఎత్తేగా."