ఏమీ అనని కార్జం

ఓదెమ్మను ఏదన్నా అడిగితే జవాబు వెంటనే రాదు. పసరు మందులిచ్చే ఆ ముసలామె నోరు తెరిచేలోపు, అడిగినవాళ్ళకు తమ ప్రశ్నే పాతబడిపోతుంది. ఆమె దగ్గర వైద్యం నేర్చుకుంటున్న బాలవ్వ మాత్రం ఆ రోజు ఆగలేకపోయింది.

"అవ్వా, నేల ఉసిరి కషాయం కల్లు నిషాను విరగ్గొడుతున్నది. మా ఆయనకు ఇంకొంచెం ఎక్కువ పోస్తే తప్పా?"

బాలవ్వ ఈ విద్యలోకి వచ్చిందే మొగుడి కోసం. పోయినేడు ఐలయ్యకు కామెర్లొచ్చి కండ్లు పసుపు ముద్దలైనప్పుడు, ఓదెమ్మే మందిచ్చి, ఉప్పూ నూనే లేని పత్యం పెట్టించి, కల్లు మాన్పించి నిలబెట్టింది. పత్యం తీరింది, కల్లు తిరిగొచ్చింది. ఈసారి ఐలయ్య తెలివి మీరాడు. పొద్దుగూకగానే ఇంట్లో కషాయం తాగి, ఆ మీదట కల్లు కాంపౌండుకు పోతాడు. మునుపు రెండు సీసాలకే తోవలో పడేవాడు. ఇప్పుడు అంతకు రెట్టింపు తాగి తన కాళ్ళ మీద నడిచొస్తున్నాడు. తెల్లారితే తలనొప్పి కూడా లేదు. మొక్క మహిమో, మొక్క ఉందన్న ధీమా మహిమో! మొగుడు తిన్నగా నడిచొస్తే దాన్నే ఆరోగ్యమనుకునే ఆడవాళ్ళు మన వాడల్లో తక్కువా? నూరేది ఆమె, వడగట్టేది ఆమె, కల్లుకు దారి ఊడ్చిపెట్టేదీ ఆమే.

"ఆదివారం రమ్మను," అంది ఓదెమ్మ.

ఐలయ్య మటన్ దుకాణం నుంచి నేరుగా వచ్చాడు, చేతిలో మోదుగాకు పొట్లంతో. పొట్లంలో మేక కార్జం, అదే కాలేయం. దాన్ని వేయించి కల్లులోకి నంజుకుంటే, తిన్న కార్జం పోయి తమ కార్జానికే చేరుతుందని కాంపౌండులో కూర్చునే వాళ్ళందరి నమ్మకం.

"పొట్లం విప్పు కొడుకా. అరచేతిల పెట్టుకొని ఒత్తు."

"వండేది నేను కాదవ్వా, నాకెందుకీ పని!" నవ్వుతూనే ఒత్తాడు. అప్పుడే కోసిన కార్జం వెచ్చగా, నున్నగా, వేలి కింద మెత్తగా లొంగింది.

ఓదెమ్మ అతని రెండో చెయ్యి పట్టుకుని కుడి పక్కటెముకల కిందికి జరిపింది. "ఊపిరి లోపలికి గుంజు. ఇప్పుడు ఇక్కడ ఒత్తు."

ఊపిరితో పాటు లోపలి నుంచి ఏదో దిగివచ్చి అతని వేళ్ళకు తగిలింది. గట్టిగా, చెక్క అంచులాగా. ఐలయ్య నవ్వు ఆగిపోయింది.

"ఇదేందవ్వా?"

"నీదే."

"నొప్పి లేదు గదా!"

"అదే నా భయం. కడుపు ఆకలంటది, మోకాలు మొరాయిస్తది, గుండె దడదడలాడ్తది. ఇదొక్కటే ఏమీ అనదు. సగం పాడైనా మిగిలిన సగంతోటే నీ బరువంతా మోస్తది. కాస్త తెరిపి ఇస్తే మళ్ళా పెరుగుతది. ఇన్నేండ్ల నుంచి చూస్తున్న, ఇప్పటికీ దానికి దండం పెట్టబుద్ధయితది. మునుపు నువ్వు తోవల పడ్డప్పుడన్నా తాగుడు ఆగి, తెల్లారేదాకా దానికింత తెరిపి ఉండె. ఇప్పుడు అదీ లేదు."

ఇన్నాళ్ళూ దేనికి బలమిస్తున్నాననుకుని దాని మీదే బరువు మోపిందో, బాలవ్వ మొగుడి చేతి కింద మొదటిసారి చూసింది. ఆ లోపలి చీకట్లో, ఒక్క మాటైనా లేకుండా, అది ఇంకా పనిచేస్తూనే ఉంది.

గల్లీలోంచి కల్లు దోస్తుల కేక వినబడింది. "ఐలన్నా! కార్జం తెస్తివా లేదా? పెనం కాలుతున్నది!"

ఐలయ్య రెండు చేతులూ తియ్యలేదు. ఒక చేతిలో మేకది, ఇంకో చేతి కింద తనది.

"ఇయ్యాల కషాయం పొయ్యాల్నా వద్దా అవ్వా?" బాలవ్వ అడిగింది.

గల్లీలోంచి మళ్ళీ కేక. ఓదెమ్మ అటు చెవిపెట్టి విన్నది.

"నేల ఉసిరి దాని పని అది చేస్తది. కార్జం దాని పని అది చేస్తది. వాళ్ళు పిలుస్తున్నది ఆ రెంటిని కాదు బిడ్డా, నీ మొగన్ని. ఆగుడు ఆయన పని."