వంగి వెళ్లిన గొట్టాలు

కుందవరమనే ఒకానొక చిన్న రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. పేరుకు తగ్గ దర్పం ఆయనది. ఆయన కొలువులో చెన్నమయ్య అనే మాటకారి ఉండేవాడు.

ఒక ఏడు వానలకు కోటలోని మురుగు అంతఃపురంలోకి ఎగదన్నింది. పిల్లలు జబ్బుపడ్డారు. మళ్లీ వానలు రాకముందే ఊరవతలి బీడు దాకా మట్టిగొట్టాలు వేయమని రాజు పాపన మేస్త్రిని పురమాయించాడు.

ఆ పని చూడటమంటే చెన్నమయ్యకు భలే ఇష్టం. తవ్విన గాడి పొడవునా మేకులు పాతి, నూలుతాడు బిగించి, కొయ్యతొట్టిలో నీళ్లు పోసి మట్టం చూసుకుంటూ, ఒక్కో గొట్టాన్నీ వెనకదానికంటే రవ్వంత కిందికి దించేవాడు పాపన. వరుస ఎక్కడా వంకరపోయేది కాదు. ‘ఏం పనితనం!’ అని చెన్నమయ్య మురిసిపోయేవాడు.

ఓనాడు రాజు వచ్చి ఆ తాడు చూసి కన్నెర్రజేశాడు.

“ఇదేమిటి, కోట దగ్గర ఎత్తుగా, అవతల పల్లంగా ఉంది?”

“నీళ్లు పారాలంటే వాలుండాలి ప్రభూ,” అన్నాడు పాపన.

“నా కోట గొట్టం తల వంచడమా! చదునుగా వెయ్యి.”

“అలా వేస్తే మురుగు కదలదు ప్రభూ. మళ్లీ అంతఃపురమే మునుగుతుంది.”

ఎదురు చెప్పినందుకు రాజు పాపనను చెరలో వేయించాడు. పని ఆగిపోయింది. పైన చూస్తే మబ్బులు కమ్ముకొస్తున్నాయి.

మర్నాడు కొలువు ముగిసింది. ఆనవాయితీ ప్రకారం అందరూ నడుం వంచి, వెనక్కి అడుగులేస్తూ పోతున్నారు. చెన్నమయ్య ఒక్కడే రొమ్ము విరుచుకుని నడిచాడు.

“ఆగు!” రాజు గర్జించాడు. “నడుం వంచవేం? పొగరా?”

“వంచక్కర్లేదనుకున్నాను ప్రభూ.”

“ఎవరు చెప్పారు? నా సన్నిధి వదిలి పోయేది ఏదైనా సరే, అడుగడుక్కీ వంగుతూనే పోవాలి!”

“ఏదైనానా ప్రభూ?”

“ఏదైనా!”

చెన్నమయ్య నేలకు తాకేలా వంగాడు. “మహాప్రసాదం! పాపన గొట్టాలూ ఆ మర్యాదే పాటించాయి. తమ కోట దగ్గర బయలుదేరి అడుగడుక్కీ వంగుతూ పోతున్నాయి. వాటికి మర్యాద నేర్పినవాడే, పాపం, చెరలో ఉన్నాడు.”

రాజుగారి మీసం అదిరింది. అంతలోనే నవ్వు పొర్లుకొచ్చింది.

“ఓరి నీ! నా నోటితోనే చెప్పించావు కదయ్యా!”

పాపన బయటికొచ్చి, వాలు చెడకుండా పని పూర్తిచేశాడు. తొలి వాన కుండపోతగా కురిసింది. అంతఃపురం వాకిట్లో రాజు స్వయంగా నిలబడి చూశాడు. మురుగంతా గలగలమంటూ వెళ్లిపోయింది.

రాజు మెడలోని ముత్యాలహారం తీసి చెన్నమయ్యకు వేయబోయాడు.

“ముందు పాపనకు ప్రభూ,” అన్నాడు చెన్నమయ్య. “నేను వంచింది నా నడుం ఒక్కటే. గొట్టాలు వంచినవాడు అతను.”

రాజు పకపకా నవ్వి ఆ హారం పాపన మెడలో వేసి, చెన్నమయ్య కోసం ఇంకొకటి తెప్పించాడు.