బుల్లెమ్మ పెళ్ళిపిలుపులు

అనగనగా, మా అమ్మమ్మకి వాళ్ళమ్మమ్మ చెప్పిన ఊళ్ళో, వెంకాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకో కూతురు, మాణిక్యం. ఓ కొత్తకోడలు, బుల్లెమ్మ. ఒరేయ్, కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఊ కొట్టాలి మరి, లేకపోతే నేను చెప్పను.

మాణిక్యానికి పెళ్ళి కుదిరింది. కుదిరాక ఎవర్ని పిలవాలా అని మొదలైందమ్మా గోల! కరణం ఇంటిని పిలిస్తే మునసబు ఇల్లు రాదు. మునసబు ఇల్లు రాకపోతే సన్నాయి రాదు. సన్నాయి రాకపోతే డోలు రాదు. డోలు మోగకపోతే తాళి కట్టరు. పోనీ కరణాన్ని మానేద్దామంటే, పందిరికి తాటాకులు వాళ్ళ తోటలోవే! మాణిక్యం నాన్నేమో సగం ఊరిని పిలిస్తే చాలన్నాడు. ఏ సగమో చెప్పలేదు.

వీటన్నిటినీ మించిన చిక్కు సూరమ్మది. సూరమ్మంటే వెంకాయమ్మకి సొంత చెల్లెలు. మాణిక్యం నెలల పిల్లగా ఉన్నప్పుడు వెంకాయమ్మ మంచం పడితే, ఈ పిన్నే ఎత్తుకుని పెంచింది. తర్వాత ఆవిడ మొగుడు పోయాడు, పాపం. ఆ ఊళ్ళో పిలుపంటే ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి పిలవడమే. మొగుడు పోయినవాళ్ళకి బొట్టు పెట్టకూడదనేవారు. పెడితే ఏమవుతుందా? ఏమీ కాదు. నేనూ అడిగాను మా అమ్మమ్మని, చెప్పలేకపోయింది.

ఉత్త నోటిమాటతో పిలిస్తే అది పిలుపే కాదాయె. అసలు సొంత చెల్లెల్ని పిలిచేదేమిటి, అదే వస్తుందని వెంకాయమ్మ. పిలవందే గడప దాటనని సూరమ్మ. పిన్ని రాకపోతే పీటలెక్కనని మాణిక్యం ఏడుపు. పెళ్ళేమో నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. మధ్యన బుల్లెమ్మకి బుర్ర గిర్రున తిరిగిపోతోంది. పిలవాలా? వద్దా? పిలిస్తే ఎలా పిలవాలి? ఊ కొడుతున్నారా, గురకలు పెడుతున్నారా?

ఆ పొద్దున వెంకాయమ్మ కుంకుమభరిణె కోడలి చేతిలో పెట్టింది. కరణం ఇల్లొద్దంది, కాదు కాదు ముందు వాళ్ళిల్లేనంది, ఆ మూలింటి సంగతి చూసుకోమంది, ఏదేదో చెప్పి పంపింది. పిల్ల కొత్తది, ఏది ఎవరిల్లో తెలిస్తేగా! ఏ ఇల్లు వదిలితే ఏం ముంచుకొస్తుందోనని ఒక్క ఇల్లూ వదల్లేదు. గుమ్మం ఎక్కడం, బొట్టు పెట్టడం, పెళ్ళికి రండి అనడం. గుమ్మం ఎక్కడం, బొట్టు పెట్టడం, పెళ్ళికి రండి అనడం. మధ్యాహ్నానికి చెయ్యి దానంతటదే లేస్తోంది. అలా ఎక్కిన గుమ్మాల్లో ఒకటి సూరమ్మది. తలుపు తీసిందో లేదో, నుదుట బొట్టు పెట్టేసింది! పెట్టాక చూసింది, ఆవిడ మెడలో తాళి లేదు! గబగబా తుడవబోయింది.

సూరమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది. "ఉండనీవే. నా నుదురు ఎవరైనా ముట్టుకుని పన్నెండేళ్ళయింది," అంది.

ఆ బొట్టుతోనే తలుపు గొళ్ళెం పెట్టి, బుల్లెమ్మ వెనకాలే వచ్చి అక్క వాకిట్లో నిలబడింది. అరుగుల మీద వాళ్ళంతా లేచి నిలబడ్డారు. కోప్పడాలో ఊరుకోవాలో తెలియక మాణిక్యం నాన్న పెళ్ళాం మొహం చూశాడు. బుల్లెమ్మేమో తలుపు వెనక్కి నక్కి, నన్ను పుట్టింటికి పంపేస్తారు కాబోలనుకుంటోంది.

వెంకాయమ్మ ఎవరు పెట్టారే అని అడగబోయింది. అంతలో గుర్తొచ్చింది. చిన్నప్పుడు రోజూ ఈ చెల్లెలికి జడ వేసి, బొట్టు పెట్టి, బయటికి పంపింది తనేగా! కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే, చెల్లెలి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"మా కోడలు వంకరగా పెట్టిందే, సూరీ. ఇలా రా, సరిగ్గా పెడతాను," అంది.

ఇంకేముంది, మాణిక్యం పీటలెక్కింది. కరణం, మునసబు ఒకరికొకరు వీపులు తిప్పి కూర్చుని బూరెలు మారు వడ్డించుకున్నారు. డోలు మోగింది. మీరూ రేపు పెద్దవాళ్ళయి, ఎవర్ని పిలవాలా అని తికమకపడితే, మనవాళ్ళని మాత్రం వాళ్ళే వస్తార్లే అని వదిలెయ్యకండి. మనవాళ్ళే ముందు ఎదురుచూస్తారు.

కథ కంచి బండి ఎక్కేసింది. మీరింక కళ్ళు ముయ్యండి.