నెమరుకొచ్చిన నోటీసు

పొగాకు కాల్చే బ్యారన్‌ కొట్టాల వెనక, వాగు ఒడ్డున జంతువులకో ఆసుపత్రి ఉంది. నాలుగు తాటాకు పాకలు, చుట్టూ తడిక, తడికకో గేటు, గేటు పక్కన నోటీసులంటించే చెక్క. నడిపేది కొంగ డాక్టరమ్మ. ఆ గేటు ముందు మేకపోతు అంకాలు ఇప్పటికీ తలెత్తి నిలబడడు. ఎందుకో వినండి.

అంకాలు బాగా చదువుకున్నవాడు. ఎలాగంటారా? గోడల మీది పోస్టర్లు నమిలి. సభ జరిగిన ప్రతి ఊరూ తిరిగి, పిండిజిగురు రుచి మరిగి, ఒక్కో పోస్టరూ నమిలి నమిలి కడుపులోకి దింపుకున్నాడు. అందుకే నోరు తెరిస్తే నినాదం. నీళ్ళతొట్టి దగ్గర కాస్త తోపులాట జరిగితే "దాహమున్నవాడిదే తొట్టి!" అనేవాడు. కోళ్ళ మీద గంప మూస్తే "గంపల రాజ్యం కూలాలి!" అనేవాడు.

"కూలిస్తే కూల్చావుగానీ, ముందు ఆ పిల్లిని అవతలికి తోలు నాయనా," అనేది గంప కింది కోడి.

అంకాలుకి ఈ లోకంలో ప్రాణమైనవాడు ఒక్కడే, ఎద్దు పోలయ్య. తల్లి పోయాక వానాకాలమంతా పోలయ్య పొట్ట కిందే తడవకుండా పెరిగాడు. మామా అని పిలుస్తాడు. ఆ పోలయ్య పన్నెండేళ్ళు బ్యారన్‌లకు పచ్చాకు బండి లాగి, సరుకు దించేదాకా ఆ పొగలోనే నిలబడి, చివరికి దగ్గు పట్టి పడిపోయాడు. ఊపిరితిత్తిలో కణితి. కేన్సరని తేల్చి, కొంగ డాక్టరమ్మ తన పొడుగాటి ముక్కుతో నరంలోకి మందెక్కించింది. ఎనిమిదో రోజున గేటు పక్కన నోటీసంటించి, ఆకుమందు కోసం వాగవతలికి వెళ్ళింది.

ఆ నోటీసు ముందుగా చూసింది నక్క మాల్యాద్రి. ఎద్దు పడిపోయిన రోజు నుంచీ వాడి నోట్లో నీళ్ళూరుతూనే ఉన్నాయి. కాగితాన్ని మెల్లగా ఊడబీకి, మధ్యకి మడిచి చింపి, అంకాలుని వెతుక్కుంటూ వెళ్ళాడు.

"నాయకా, ఇది చదువు. నా కళ్ళకి నీళ్ళడ్డం పడుతున్నాయి."

అంకాలు పైముక్క అందుకుని చదివాడు. "పోలయ్యకు ఎక్కించిన మందు కణితిని చంపుతుంది. దానితోపాటు ఒంటికి కాపలా కాసే తెల్లకణాలనూ కూలుస్తుంది." కాగితం దించాడు. "కాపలావాళ్ళని కూల్చే మందేంటి మాల్యాద్రన్నా?"

"నేనడిగేదీ అదే. ఇంట్లో దొంగ దూరితే ఇంటికుక్కల్ని చంపుకుంటామా?"

"కింది ముక్కలో ఏముంది?"

"ఏముంటుంది? సంతకాలు, ముద్రలు. పెద్దవాళ్ళ పేర్లు."

అధికారుల సంతకాలంటే అంకాలుకి ఒళ్ళు మంట. "వీటిని నమలడం కూడా దండగే!" అని మాల్యాద్రి చాచిన ఆ కింది ముక్కని ఒక్క గుటకలో మింగేశాడు. మిట్ట ఎక్కి గొంతెత్తాడు.

"కూలినవాళ్ళంతా మనవాళ్ళే! పోలయ్య ఒంట్లో కాపలావాళ్ళ నెత్తురు పారుతుంటే మనం గడ్డి మేస్తున్నాం! లేవండి! పరామర్శకి పోదాం!"

ఆ దొడ్లలో పరామర్శకి ఒక పద్ధతుంది. వెళ్ళినవాళ్ళు జబ్బుపడినవాళ్ళ మూతికి మూతి ఆనించి పలకరించాలి. ఆనించకపోతే మనసులో ఏదో పెట్టుకున్నట్టే లెక్క. ముసురు రోజులు కావడంతో సగం మందికి ముక్కులు కారుతున్నాయి. బర్రె నాంచారమ్మయితే అడుగుకో తుమ్ము తుమ్ముతోంది.

"జలుబుతో రావచ్చా అబ్బాయ్?"

"అభిమానానికి జలుబేంటి పిన్నీ? పద!"

గేటు వేసి ఉంది. అంకాలు వెనక్కి నాలుగడుగులు వేసి కొమ్ములతో కుమ్మాడు. రెండో దెబ్బకి విరిగింది. పోలయ్య పాకలో తలెత్తి చూశాడు. డొక్కలు తేలి ఉన్నాడు.

"ఒరే అల్లుడూ, ఇంతమందేంట్రా?"

"నిన్నీ మందు నుంచి విడిపించడానికొచ్చాం మామా!"

పోలయ్య ఏదో చెప్పబోయాడు. అప్పటికే నాంచారమ్మ మూతి ఆనించింది. ఆమె వెనక గాడిద, వాడి వెనక గొర్రెల మంద. అందరికన్నా ఆఖరున, అందరికన్నా ఎక్కువసేపు ఆనించింది అంకాలే. ఆ క్షణాన వాడికి తన మీద తనకే ముచ్చటేసింది. బయట మిట్ట మీద మాల్యాద్రి తోక ఊపుతూ కూర్చున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అంకాలు నీడన పడుకుని నెమరు మొదలుపెట్టాడు. తెల్లవారి తిన్న తుమ్మాకు వచ్చింది, ఆ తర్వాత కాగితం వచ్చింది. దవడ కింద ఒక్కో మాటే నలిగింది. "పది రోజుల్లో అవి మళ్ళీ పుడతాయి." అంకాలు దవడ నెమ్మదించింది. "అంతదాకా చిన్న జలుబును కూడా పోలయ్య తట్టుకోలేడు." ఇంకా ఒక ముక్క మిగిలింది. నమలాలనిపించలేదు. అదే నలిగింది. "పరామర్శలు వద్దు."

లేచి పరుగెత్తాడు.

పోలయ్య వణుకుతున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. కొంగ డాక్టరమ్మ వచ్చి విరిగిన గేటు చూసి, పాకలో నేలంతా పడ్డ గిట్టల గుర్తులు చూసింది.

"ఇంతమందిని లోపలికి ఎవరు రానిచ్చారు?"

అంకాలు నోరు తెరిచాడు. అన్ని ఊళ్ళ పోస్టర్లూ తిన్న ఆ నోట్లో ఒక్క మాటా దొరకలేదు.

"నేనే రమ్మన్నానమ్మా," అన్నాడు పోలయ్య, పళ్ళు టకటకలాడుతుంటే. "తోచక."

అంకాలు ఆ అబద్ధాన్ని అలాగే ఉండనిచ్చాడు. తల వంచుకుని బయటికొచ్చాడు.

మూడు రోజులు జ్వరం దిగలేదు. డాక్టరమ్మ మందు మీద మందు ఎక్కిస్తూనే ఉంది. మూడు రోజులూ అంకాలు తడిక బయట నిలబడ్డాడు, గడ్డి ముట్టలేదు. మిట్ట మీద మాల్యాద్రి మాత్రం రోజూ కాస్త దగ్గరికి జరిగి కూర్చుంటున్నాడు. వాడెందుకు కూర్చున్నాడో అంకాలుకి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక వాడి మీద కోపం రావాలి. రాలేదు. వాడు నక్క, వాడి ఆకలి వాడిది. మరి తనెవరు?

నాలుగో పొద్దున జ్వరం దిగింది. అంకాలు డాక్టరమ్మ కాళ్ళ దగ్గర తల వాల్చాడు.

"గేటు విరిచింది నేను. నోటీసు మింగింది నేను. మామ అబద్ధమాడుతుంటే మాట్లాడనివాణ్ణీ నేనే."

"తెలుసు. గేటు చెక్కలో నీ కొమ్ముల గుర్తులున్నాయి."

"మరి అడిగారెందుకు?"

"నీ నోటితో చెప్తావేమోనని."

దానికన్నా ముక్కుతో నాలుగు పొడిచినా బాగుండేదనిపించింది వాడికి. అయినా అడిగాడు. "కాపలావాళ్ళని అసలెందుకు కూల్చాలి డాక్టరమ్మా?"

"కూల్చాలని కాదురా. ఆ మందుకి కళ్ళు లేవు. త్వరత్వరగా పుట్టే దేన్నయినా కొడుతుంది. కణితీ అలాగే పుడుతుంది, ఎముకల మూలుగలో తెల్లకణాలూ అలాగే పుడతాయి. కాకపోతే తెల్లకణాలు మళ్ళీ లేస్తాయి. కణితికి లేవడం అంత తేలిక కాదు. ఇంకోటి విను. పాత కాపలావాళ్ళలో కొందర్ని ఆ కణితి ఎప్పుడో మచ్చిక చేసుకుంది. వాళ్ళు దాని పక్కనే కునుకు తీస్తున్నారు. కొత్తగా పుట్టేవాళ్ళలో కొందరు దొంగని గుర్తుపట్టొచ్చు. అందరి ఒంట్లోనూ అలా జరగదు. పోలయ్యకి జరుగుతుందో లేదో నేనూ చెప్పలేను. చెప్పగలిగింది ఒకటే. కాపలావాళ్ళు తక్కువగా ఉన్న ఆ పది రోజులూ బయట మనం కాపలా కాయాలి. నువ్వా రోజుల్లోనే గేటు విరిచావు."

రెండో విడత మందెక్కించిన ఎనిమిదో రోజున నోటీసు కాగితం మీద కాదు, ఎవరూ తినలేని నాపరాయి మీద సున్నంతో రాశారు. దాని పక్కన అంకాలు నిలబడ్డాడు. మాల్యాద్రి మెడలో తంగేడు పూల దండతో, చుక్క కన్నీటితో వచ్చాడు. వెనకే కోడి, నాంచారమ్మ, గొర్రెలు.

"నాయకా, ఒక్కసారి మూతి ఆనించి వచ్చేస్తాను."

"రాయి చదువు."

"చదివాలే."

"పైకి చదువు. కిందిదాకా."

అందరూ చూస్తున్నారు. మాల్యాద్రి చదివాడు. సగందాకా గొంతు గట్టిగానే ఉంది. చివరికొచ్చేసరికి "పరామర్శలు వద్దు" అని గొణిగాడు.

"ఓహో," అంది కోడి. "ఆ రోజు నువ్వు అంకాలుతో అంటుంటే గంప కింద నుంచి విన్నాను. కింది ముక్కలో ఉన్నవి సంతకాలు కావన్నమాట! ఏం నక్కా, దండ తెచ్చావు, ఉప్పూ కారం కూడా తెచ్చావా?"

నాంచారమ్మ కొమ్ము ఊపింది. మాల్యాద్రి దండ జారిపోతున్నా చూసుకోకుండా వాగు దాటి పారిపోయాడు. గొర్రెలన్నీ అంకాలుకి జై కొట్టాయి.

"నాకు కొట్టకండి," అన్నాడు అంకాలు నేలకేసి చూస్తూ. "వాడు చింపాడంతే. మింగింది నేను. మిమ్మల్ని లోపలికి తోలిందీ నేనే."

జై మధ్యలోనే ఆగిపోయింది. పాకలోంచి పోలయ్య గొంతు వినబడింది. "ఒరే అల్లుడూ, మరీ ఇంత నిశ్శబ్దమేంట్రా? ఒక నినాదమన్నా ఇవ్వు, వింటాను."

అంకాలు గొంతు సవరించుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

"కాళ్ళు కడుక్కోండి. తడిక అవతల నుంచే పలకరించండి."

పోలయ్య దగ్గుతూ నవ్వాడు.

సగం చదివి ఎత్తిన పిడికిలి ముందుగా పడేది తనవాడి మీదే.