కొత్త కుండ పెట్టే చోటు

ఒక్క మాట అడుగుతాను, తప్పించుకోకుండా చెప్పండి. నలుగురూ చెయ్యి చాచే చోట వస్తువు మార్చే హక్కు, ఆ వస్తువు గురించి అందరికన్నా బాగా తెలిసినవాళ్లకి ఉందా? ఉందనే ప్రసూన వాదం. వాదంలో ఆమెను గెలిచినవాళ్లు లేరు. కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు వాదంలో దొరకలేదు.

భీమిలి దాటాక, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒకప్పటి ఉప్పు గిడ్డంగిలో సన్యాసిరావు మాస్టారు కంప్యూటర్ విద్య చెప్పేవారు. ఫాల్గుణమాసం పొద్దుల్లో సముద్రం మీది మంచు కిటికీల్లోంచి లోపలికి వచ్చేది. తెరల వెలుగులో కాసేపు తేలి, ఎటు పోయిందో తెలియకుండా పోయేది. అక్కడ కూర్చున్నవాళ్లకి తాము పని చేస్తున్నామో, పని చేస్తున్నట్టు కలగంటున్నామో ఒక్కోసారి తేలేది కాదు. తెరలు చాలా ఉన్నా వాటి వెనకాల యంత్రం ఒక్కటే. ఆ వారం దాన్ని చూసుకునే వంతు విద్యార్థుల్లో ప్రసూనది కనుక, అన్నిటినీ మార్చగల పాస్‌వర్డు ఆమె చేతిలో ఉంది.

సరిగ్గా అప్పుడే కొత్త కెర్నెల్ వచ్చింది. కెర్నెల్ అంటే యంత్రానికీ మన ప్రోగ్రాములకీ నడుమ కూర్చుని, అడిగిన పనల్లా చేసిపెట్టేది. దాన్ని ఏ మాటతో, ఏ కొలతతో అడగాలో చెప్పే చిన్న ఫైళ్లే హెడర్లు. మనిషి రాసిన సోర్సును యంత్రానికి అర్థమయ్యేలా మార్చడం, అంటే కంపైల్ చేయడం, ఆ హెడర్లు చూసుకునే జరుగుతుంది. మాస్టారిది ఒకటే నియమం: "కొత్త కెర్నెల్ సోర్సు మీ సొంత అరలో, మీ హోమ్ డైరెక్టరీలో విప్పుకోండి, అక్కడే కంపైల్ చేసుకోండి. అందరి ప్రోగ్రాములూ చూసుకునే ఉమ్మడి అరలో ఉన్న హెడర్ల జోలికి పోకండి. ప్రోగ్రాములన్నీ వాడుకునే సీ లైబ్రరీని వాటిని చూసే కట్టారు. అవి దానితోనే ఉండాలి."

"ఎందుకుండాలండీ?" అంది ప్రసూన. "సోర్సు కోసమే అంటూ సిస్టమ్‌లో ఒక అర ఉంది. కొత్త హెడర్లు పాతవాటికన్నా మంచివని మీరే ఒప్పుకుంటారు. మంచిదాన్ని తీసుకెళ్లి నా బట్టలపెట్టెలో దాచుకోమంటారా?"

ప్రశ్న బాగా పదునుగా ఉంటే మాస్టారు జవాబు చెప్పరు. లేచి వెళ్లి మొక్కలకి నీళ్లు పోస్తారు. ఆ పొద్దున కూడా లేచారు. ప్రసూన ఆ మౌనాన్ని ఓటమి కింద జమకట్టింది. కొత్త సోర్సును ఉమ్మడి అరలో విప్పింది. పాత హెడర్లు తీసేసి వాటి చోట కొత్తవి పెట్టింది. కెర్నెల్ చక్కగా కంపైలయింది. అందరూ పనిలో ఉన్నారు కదా అని, యంత్రాన్ని ఆపి కొత్త కెర్నెల్‌తో లేపడం మాత్రం మర్నాటికి వాయిదా వేసింది.

పక్క బల్ల జోగినాయుడిది. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. తెలుగు చదివి వినిపించే ప్రోగ్రాము తనే రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నం చూపులేని పిల్లల బడి నుంచి పిల్లలు వస్తున్నారు. వాళ్లు చెప్పి రాయించిన కథని యంత్రం వాళ్లకే చదివి వినిపిస్తుందని మాటిచ్చాడు. దానికి ఒకటే అడ్డు: 'నీళ్లు' అనమంటే అది 'నీల్లు' అంటోంది.

"పిల్లలు నవ్విపోతారు లాయరమ్మా! సముద్రం కత అది. అడుగడుక్కీ నీళ్లే," అన్నాడు ప్రసూనతో.

సరిదిద్దాడు. కంపైల్ చేశాడు. "తప్పులేమీ లేవు జోగీ," అని ప్రసూన తెర చూసి చెప్పింది. మనమందరం చేసినట్టే, పాత ప్రోగ్రామును దాచుకోకుండా దాని మీదే కొత్తది రాసేశాడు. నడిపించాడు. చప్పుడు లేదు.

"మూగనోము పట్టిందేటి నా మిషను?" అని నవ్వాడు గానీ, అతని వేళ్లు జ్వరం చూస్తున్నట్టు స్పీకరు మీదే ఉండిపోయాయి.

ప్రసూన వైర్లు చూసింది. స్పీకరు మార్చింది. "నీ కోడ్‌లోనే ఏదో ఉంది," అంది.

"నిన్న మాటాడింది గదా."

ప్రసూన అతని కోడ్ మళ్లీ మొదటి నుంచి చదవసాగింది. కిటికీ అవతల, ఆ రోజు మధ్యాహ్నమైనా విడని మంచులో పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, వరసగా ఇసకలో నడిచి వస్తున్నారు. మనుషులు ఇంకా సరిగ్గా కనబడటం లేదు, పాట మాత్రం వినిపిస్తోంది.

అప్పుడు మాస్టారు కొత్త కుండ ఒకటి ఎత్తుకుని లోపలికొచ్చారు.

ఆ గదిలో తలుపు పక్కన నీళ్ల కుండ ఉంటుంది. దాన్ని ఎవరూ కదపకూడదు. జోగినాయుడు కర్ర లేకుండా వెళ్లి, గ్లాసు ముంచుకుని, చుక్క ఒలక్కుండా తాగి వస్తాడు. ఎవరైనా కుండని జానెడు జరిపితే వాళ్ల మీద పడి పోట్లాడేది ప్రసూనే.

"సంతలో దొరికింది. పాతదానికన్నా పెద్దది, పొడుగు. ఎండాకాలం వస్తోందిగా. అది తీసేసి ఇది అక్కడ పెట్టమ్మా," అన్నారు మాస్టారు.

"ఇప్పుడా మాస్టారూ? పిల్లలు వచ్చేస్తున్నారు, ఇక్కడ జోగి మిషను..."

"చిటికెలో పని. మంచిదాన్ని పెరట్లో దాచుకుంటామా?"

"అయ్యో, ముందు పెరట్లో నానబెట్టొద్దూ? పచ్చి మట్టి వాసన పోవాలి కదండీ! అయినా జోగి చెయ్యి పాత కుండ ఎత్తుకి అలవాటు పడింది. ఇంత పొడుగుది పెడితే గ్లాసు వెళ్లి కుండ పొట్టకి కొట్టుకుని..."

ఆమె చూపు కుండ మీంచి జోగినాయుడి తెర వైపు తిరిగింది. గదిలోకి సముద్రపు హోరు వచ్చింది, అంతసేపూ గుమ్మంలో కాచుకుని ఉన్నట్టు.

"జోగీ," అంది, "నీ కోడ్ మంచిదే. అది కొత్త హెడర్లు చూసుకుని కొత్త కొలతతో అడుగుతోంది. లోపల మేలుకుని ఉన్నది ఇంకా పాత కెర్నెలే. ఆ కొలత దానికి తెలియదు. హెడర్లు మార్చింది నేను."

ఆమె కుర్చీలో కూడా కూర్చోలేదు. నిలబడే కొత్త సోర్సును తన హోమ్ డైరెక్టరీకి తరలించింది. సీ లైబ్రరీతో వచ్చిన పాత హెడర్లను వాటి చోట మళ్లీ పెట్టింది. పాట గుమ్మం దాకా వచ్చింది. జోగినాయుడు మళ్లీ కంపైల్ చేశాడు.

పిల్లలు చాపల మీద కూర్చుని చెవులు అటు తిప్పారు. "అనగనగా," అంది యంత్రం, "నీళ్లు ఒకసారి నిద్రపోయాయి." ఎవరూ నవ్వలేదు. అది తాను చెప్పిన వాక్యమేనని గుర్తుపట్టి ఒక పాప మాత్రం పక్కపిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కేసు ఓడిపోయావా లాయరమ్మా?" అన్నాడు జోగినాయుడు గొంతు తగ్గించి.

"నోరు ముయ్యి, కత విను," అంది ప్రసూన. కళ్లు తుడుచుకుని మాస్టారి వైపు తిరిగింది. "కొత్తది మంచిదే కదా మాస్టారూ?"

"చాలా మంచిది," అంటూ ఆయన కొత్త కుండని ఆమె చేతుల్లో పెట్టి పెరటి దారి చూపించారు. తరవాత మిగతావాళ్లందరి వైపూ తిరిగారు. అందులో మీరూ ఉన్నారనుకోండి.

"మీరూ లేవండి. ఇవాళ మీరు ఏది మార్చారో దాని దగ్గరికెళ్లి, కళ్లు మూసుకుని ఒక్కసారి చెయ్యి చాపండి."