కాన్పు బల్ల మీద ఒక మాట

తెల్లారి ఏడింటికి డ్యూటీకొచ్చిన కల్పలత నాలుగో మంచం దగ్గర నిలబడిపోయింది. మంచం ఖాళీ. దుప్పటి నీటుగా మడతపెట్టి ఉంది. పక్కన ఇచ్చిన మాత్రలు ఇచ్చినట్టే ఉన్నాయి.

సుక్కమ్మ పారిపోయింది.

తొలి కాన్పు. నెలలు నిండాయి. నిన్న సాయంత్రం బీపీ నూట డెబ్భై. కాళ్ళు వేలితో నొక్కితే గుంట పడేలా వాచాయి. పెద్దవాళ్ళు గుర్రపువాతం అంటారు చూడండి, ఆ గండానికి రెండడుగుల దూరంలో ఉంది పిల్ల. చదువుకునే రోజుల్లో కల్పలత ఒక్కసారి చూసింది దాన్ని. బిగుసుకుపోయిన దవడ, నోట్లోంచి నురగ, ఆ తర్వాత వరండాలో పెట్టిన రెండు గుడ్డమూటలు. ఒకటి పెద్దది, ఒకటి మరీ చిన్నది. ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆ చిన్నదే కనిపిస్తుంది.

ఈ నెలలో ఇలా చెప్పాపెట్టకుండా కొండెక్కేసిన సవర తెగ ఆడమనిషి ఈమె మూడోది.

లోపల గయ్యారమ్మ కాన్పు బల్ల తుడుస్తోంది. ఆ చిన్న ఆసుపత్రిలో ఆయా. ఆవిడా సవరే. అరవై దగ్గర పడ్డాయి. ఆయా కాకముందు పై గూడేల్లో సగంమంది పిల్లలు ఆవిడ చేతుల్లోనే పడ్డారు. కల్పలత తెనాలి నుంచి నర్సుగా వచ్చిన మొదటిరోజే డాక్టరుగారు ఆవిణ్ణి చూపించి, "ఇక్కడ నాకు గురువు ఈవిడే, నీకూ ఈవిడే" అన్నారు. కల్పలత నవ్వి ఊరుకుంది. కాలేజీ ఫస్టొచ్చిన మనిషి ఆయా దగ్గర నేర్చుకునేదేముంటుంది?

"గయ్యారమ్మా, నాలుగో మంచమేది?"

"మంచముంది. మనిషే లేదు."

"వేళాకోళంగా ఉందా నీకు? ఏ క్షణాన ఫిట్స్ వస్తాయో తెలీదు ఆ పిల్లకి! నేనేం తక్కువ చేశాను చెప్పు. మందులిచ్చాను, పాలిచ్చాను. ఈ బల్ల మీద పరీక్ష చేస్తుంటే కాళ్ళు బిగబట్టేసుకుంటే, భయపడకు, భయపడకు అని పదిసార్లు చెప్పాను. గొంతు పోయేలా చెప్పాను. వాళ్ళ మంచి వాళ్ళకి తెలియకపోతే నేనేం చెయ్యను?"

గయ్యారమ్మ గుడ్డ పిండుతూ అడిగింది.

"వెళ్ళి తీసుకొద్దాం. జీపేదీ?"

"మందులు దింపడానికెళ్ళింది. అరగంట పడుతుందట."

"అయితే అరగంటుంది. ఎక్కు."

"ఎక్కడికి?"

గయ్యారమ్మ బల్ల మీద అరచేత్తో తట్టింది. "దీని మీదకే. ఎక్కి పడుకో."

"ఇప్పుడా? మతుండే మాట్లాడుతున్నావా?"

"నన్ను చూపించి డాక్టరుబాబు నీకేటన్నారు?"

కల్పలత విసురుగా ఎక్కి పడుకుంది.

గయ్యారమ్మ ముందు ఆమె కళ్ళజోడు తీసేసింది. గోడలు, కిటికీ, గయ్యారమ్మ మొహం అన్నీ అలుక్కుపోయాయి. తర్వాత కాళ్ళు రెండూ ఎత్తి ఇనుపకడ్డీల మీద పెట్టింది. చీర పాదాల మీంచి జారితే సర్దనివ్వలేదు. తలుపు బార్లా తీసేసింది. వరండాలో ఎవరో మగవాళ్ళు మాట్లాడుకుంటూ పోతున్నారు. పెద్దలైటు మొహం మీదకి తిరిగింది.

ఎక్కడో ట్రేలో ఇనుము ఇనుముకి తగిలి చప్పుడైంది.

గయ్యారమ్మ మీదకి వంగి సవర భాషలో ఏదో అంది. ఒక్కటే మాట.

"ఏంటి?"

అదే మాట మళ్ళీ. ఈసారి గట్టిగా. కల్పలత లేవబోతే భుజం మీద చెయ్యేసి అదిమి, ఇంకా గట్టిగా.

ఇది గయ్యారమ్మే కదా, రోజూ తనకి టీ ఇచ్చే గయ్యారమ్మే కదా అనుకుంది కల్పలత. అనుకున్నా గుండె వినలేదు. తుడిచిన బల్ల చల్లగా వీపుకి తగులుతోంది. ఆ మొహం ఎవరిదో, ఆ మాటేమిటో, ఆ చేతిలో ఏముందో. అదే మాట, అరుపులా, చెవిలో.

"వదులు! వదలమంటున్నానా!"

కడ్డీని తన్నేసి కిందకి దూకింది.

"ఏంటా మాట? తిట్టావా నన్ను?"

గయ్యారమ్మ కళ్ళజోడు కొంగుతో తుడిచి చేతికిచ్చింది. బయట హారన్ మోగింది.

"జీపొచ్చినట్టుంది. పద."

*

దారి ఆగిపోయిన చోట జీపు దిగి కొండెక్కారు. సుక్కమ్మ ఇంటి గుమ్మానికి అడ్డంగా ఆమె తల్లి నిలబడి ఉంది. తెల్లకోటు చూడగానే చేతులు రెండూ చాపి గుమ్మం పట్టుకుంది.

కల్పలత నోటిదాకా అన్నీ వచ్చాయి. బీపీ, ఫిట్స్, చచ్చిపోతుంది, మీకు బుద్ధుందా. వీపుకింకా ఆ బల్ల చల్లదనం అంటుకునే ఉంది. అన్నీ మింగేసింది. కోటు విప్పి సంచిలో కుక్కి, చెప్పులు విడిచి, వాకిట్లో నేల మీద కూర్చుంది.

"అడగమ్మా. ఏం చూసి భయపడిందో అడుగు."

గయ్యారమ్మ ఆమె వంక ఓసారి చూసి, లోపలికి అడిగింది. సుక్కమ్మ జవాబు చెప్పింది.

"తలుపు తీసే ఉందంట. మగోళ్ళు అటూఇటూ తిరుగుతున్నారంట. అమ్మని బయటికి పంపేసినారంట. ఆపైన నువ్వు మీదకొంగి ఒకటే అరుపంట. సచ్చిపోతావు, సచ్చిపోతావు అంటున్నావనుకుందంట."

"నేనా? నేనన్నది..."



లోపల్నుంచి సుక్కమ్మ కళ్ళు నులుముకుంటూ ఇంకేదో అంది. గయ్యారమ్మ మొహం మారిపోయింది.

"కళ్ళముందు మిణుగురులు ఎగురుతున్నాయంటంది."

పట్టపగలు, నడినెత్తిన ఎండ. ఫిట్స్ రాబోతున్నాయనడానికి గుర్తు అది. ఇక ఎంతో సేపు లేదు.

లేవలేదు. గొంతు పెంచలేదు. "చెప్పమ్మా. తలుపు వేస్తాను. వాళ్ళమ్మ లోపలే ఉంటుంది. బల్ల ఎక్కక్కర్లేదు. కింద చాప మీద తనకెలా వీలైతే అలా కూర్చుని కనొచ్చు. అడక్కుండా చెయ్యి వెయ్యను. ఫిట్స్ రాకుండా వేసే ఒక్క సూదికి మాత్రం ఒప్పుకోమను. అది లేకపోతే నావల్ల కాదు."

"డాక్టరుబాబు ఒప్పుకుంటారేటి?"

"నేను ఒప్పిస్తాను."

గయ్యారమ్మ చెప్పింది. గుమ్మం పట్టుకున్న తల్లి చేతులు అలాగే ఉన్నాయి. కల్పలత వాచీ వంక చూడకుండా ఉండటానికి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. చివరికి తల్లి లోపలికెళ్ళి ఓ మూట తెచ్చుకుని, కూతురి చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది.

దిగేటప్పుడు జీపు కుదిపిన ప్రతిసారీ కల్పలత సుక్కమ్మ దవడ వంకే చూసింది. ఇప్పుడా, ఇప్పుడా అని.

*

కాన్పు గది తలుపు మూశారు. లైటు గోడవైపు తిప్పారు. దారిలోనే నొప్పులు మొదలైన సుక్కమ్మ చాప మీద గొంతుక్కూర్చుని తల్లికి ఆనుకుంది. డాక్టరుగారు కల్పలత చెప్పింది విని, సరేనని తలూపి, సూది వెయ్యమన్నారు.

సూది చూడగానే సుక్కమ్మ చెయ్యి లాక్కుంది. పిడికిలి బిగించింది.

కల్పలత సూది కిందికి దించింది.

గయ్యారమ్మ సుక్కమ్మ చెవి దగ్గరికి వంగి, మెల్లగా ఒక్క మాట అంది.

కల్పలత గుర్తుపట్టింది. అదే మాట. పొద్దున బల్ల మీద తనని బెదరగొట్టిన మాటే. ఒక్క అక్షరం తేడా లేదు.

సుక్కమ్మ పిడికిలి విప్పింది.

సాయంత్రం ఐదింటికి పాప ఏడ్చింది. ఆరింటికి బీపీ దిగడం మొదలైంది. మిణుగురులు పోయాయంది సుక్కమ్మ.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ కల్పలత అడిగింది.

"అమ్మా, పొద్దున నన్ను పడుకోబెట్టి ఏమన్నారు మీరు?"

గయ్యారమ్మ చాప మీద నీళ్ళు పోస్తోంది. తలెత్తలేదు.

"నిన్న నువ్వు సుక్కమ్మతో పదిసార్లన్నావే తల్లీ. అదే."