చేతికందే ఉప్పు

భానోజీ పొద్దుటి నుంచి గడియారమే చూస్తున్నాడు. సాయంత్రానికి గడువు అయిపోతుంది. ఈలోగా భానోజీ రాసిన మార్పును జలాలుద్దీన్ ఉస్తాద్ చూసి, కింద తన పేరు పెట్టాలి. ఆ పేరు లేకపోతే కెర్నెల్ పెద్దలు దాని ముఖం కూడా చూడరు. మళ్లీ వాళ్లు తలుపు తీసేదాకా నెలల తరబడి కూర్చోవాల్సిందే. పైగా తను రాసింది లోకంలోని కంప్యూటర్లన్నిటిలోకీ ఎక్కబోతోందని విజయనగరంలో వాళ్ల వీధి మొత్తానికి, కుక్కలతో సహా, తెలిసిపోయింది.

ఉస్తాద్ బడి కర్నూలు పాతబస్తీలో, ఒక మిద్దె మీద. కెర్నెల్ అంటే కంప్యూటర్‌కి గుండెకాయ. దాన్ని విప్పి మళ్లీ కుట్టడం అక్కడ నేర్పుతారు. ఎండాకాలం ఆ మిద్దె మీద అప్పడాలు పొయ్యి లేకుండానే కాలతాయి. ఉస్తాద్ గడ్డం మోకాళ్లదాకా ఉంటుంది, మాట మాత్రం బెత్తెడు.

శిష్యులు సాధన చేసే యంత్రాలు నిజం యంత్రాలు కావు. ఒకే పెద్ద మెషీన్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో ఫైలు. ఆ ఫైలు డిస్కు వేషం కడుతుంది, లోపలి సిస్టం అది నిజం డిస్కే అనుకుంటుంది. ఆ డిస్కును నడిపే ప్రోగ్రాం పేరు డ్రైవర్, దాని కోసం ఫైల్లోంచి చదివి తెచ్చే చిన్న ప్రోగ్రాం పేరు పనివాడు. వేషం బాగానే కుదిరింది గాని నడకే నత్తనడక. ఒక పేజీ, అంటే డిస్కులోని ఒక చిన్న ముక్క, అడిగి, అది వచ్చేలోపు తలంటు పోసుకుని జుట్టు ఆరబెట్టుకుని రావచ్చు. దాన్ని పరుగెత్తిస్తానని భానోజీ పూనుకున్నాడు.

"ఏం చేసినావు?" అన్నాడు ఉస్తాద్.

"పేజీ అడిగినప్పుడల్లా డిస్కు డ్రైవర్ ఆ పని వెనకాల ఉన్న పనివాడికి అప్పజెబుతుందండి. వాడు నిద్రలేచి, ఫైల్లోంచి చదివి తెచ్చిస్తాడు. పాపం ఒక్కడే చస్తున్నాడు. నేను పదహారు మందిని పెట్టాను." ఆ మాట అంటున్నప్పుడు భానోజీ ఛాతీ ఎంత ఉబ్బిందంటే, చొక్కా గుండీ తెగి తుంగభద్ర అవతల పడాల్సింది, దారం గట్టిది కాబట్టి ఆగింది.

"పరుగెత్తిందా?"

"ఒక్కోసారి కొంచెం. ఒక్కోసారి ఇంకా తగ్గిందండి. ఇంకో పదహారు మందిని పెడితే..."

"అడిగిన పేజీ అప్పటికే మెమరీలో ఉందనుకో. ఎవరు తెస్తారు?"

"అప్పుడూ పనివాడేనండి. పద్ధతి అది."

ఉస్తాద్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పా, అన్నం తిందాం."

ఆ బడిలో భోజనానికి ఒక నియమం ఉంది. ఏది కావాలన్నా వంట చేసే మాబున్నిని అడగాలి, ఎవరూ గిన్నె ముట్టకూడదు. ఎప్పుడో ఒక శిష్యుడు ప్రోగ్రాం గురించి ఆలోచిస్తూ పచ్చడిలో చేయి కడుక్కున్నాడట. ఆనాటి నుంచి మాబున్ని మాటే శాసనం.

ఉస్తాద్ వచ్చి భానోజీ పక్కనే కూర్చున్నాడు. సంగటి ముద్ద తుంచి, "భానోజీ, ఉప్పు" అన్నాడు.

భానోజీ వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "మాబున్నక్కా, ఉస్తాద్ గారికి ఉప్పు."

మాబున్ని పొయ్యి దగ్గర నుంచి లేచి, వాకిలి దాటి, శిష్యుల వరసంతా చుట్టి వచ్చింది. వంగి, భానోజీ మోకాలి దగ్గరున్న ఉప్పుగిన్నె తీసి, ఉస్తాద్ పళ్లెంలో ఇంత వేసి వెళ్లిపోయింది.

"పచ్చడి" అన్నాడు ఉస్తాద్.

"అక్కా, పచ్చడి."

మళ్లీ వచ్చింది. పచ్చడి ఉప్పుగిన్నెను ఆనుకునే ఉంది.

"ఏం ఉస్తాదూ, ఈ పొద్దు నా మోకాళ్ల మీద పడినావు?"

"నీకు తోడు కావాల్నా? ఈయన పదహారు మందిని పెడతాడంట."

"పదహారు మందా? ఈ వాకిట్లో ఒకర్నొకరు తొక్కుకొని సస్తారు సామీ." గొణుక్కుంటూ వంటింటి దాకా వెళ్లింది.

ఉస్తాద్ నింపాదిగా నమిలాడు. "ఉల్లిగడ్డ."

భానోజీ కేకేయడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఉల్లిపాయ ముక్కల పళ్లెం అతని ఎడమచేతి పక్కనే ఉంది. దాని వైపు చూశాడు. దూరాన మోకాళ్లు నిమురుకుంటున్న మాబున్ని వైపు చూశాడు. మెల్లగా చేయి చాపి, ఒక ముక్క తీసి ఉస్తాద్ పళ్లెంలో పెట్టాడు.

ఉస్తాద్ దాన్ని సంగటితో నంజుకుని తిన్నాడు.

"చారు."

భానోజీ చుట్టూ వెతికాడు. చారు లేదు, పొయ్యి మీద మరుగుతోంది. తనే తెద్దామని గబుక్కున లేవబోయాడు. ఉస్తాద్ అతని చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టాడు.

"అది కాగేదాకా నువ్వు ఆడనే నిలబడితే, ఇక్కడ నాకు ఉప్పెవరిస్తారు?"

భానోజీ సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, చాలా మెల్లగా పిలిచాడు. "అక్కా, చారు."

ఆమె తెచ్చేలోపు ఉస్తాద్ మళ్లీ ఉప్పు అడిగాడు. భానోజీ ఇచ్చాడు.

సగం తిన్న పళ్లెం కడిగేసి, భానోజీ మెట్లెక్కి వెళ్లాడు. పదహారు మందిలో పదిహేను మందిని ఒక్కొక్కరినే తీసేశాడు. ఒక్కణ్ణి ఉంచాడు. అడిగిన పేజీ మెమరీలో చేతికందేలా ఉంటే డ్రైవరే అక్కడికక్కడ ఇచ్చేలా, లేకపోతేనే పనివాణ్ణి పిలిచేలా మార్చాడు. రాసినదానికంటే కొట్టేసిందే ఎక్కువ. ఆ తర్వాత డిస్కు ఎంత వేగంగా పరుగెత్తిందంటే, పేజీ అడగకముందే వచ్చేస్తోందేమోనని అనుమానం వచ్చి, భానోజీ యంత్రం ఆపేసి మళ్లీ పెట్టి చూసుకున్నాడు.

పొద్దు వాలకముందు ఉస్తాద్ వచ్చి తెర ముందు కూర్చున్నాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాడు. కింద తన పేరు పెట్టాడు.

"పద్ధతి మారిపోయిందండి" అన్నాడు భానోజీ, తలొంచుకుని.

ఉస్తాద్ లేస్తూ అన్నాడు. "పోయి ఆ మాట మాబున్నికి చెప్పు. మోకాళ్లు ఆమెవి."